పగడానికి సున్నపు తేట

తిరుపతి,
9 మార్చి 2025.

పెద్దమ్మా,

నమస్కారాలు. కవరు మీద నా దస్తూరి చూడగానే "ఊరక రారు మహాత్ములు" అంటావని తెలుసు. నిజమే, పని మీదే రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నీ చెవికి గాలి తప్ప మాట వినిపించదు. పెదనాన్నకు చెబితే సగం తానే మింగి మిగతా సగం నీకు అందిస్తాడు. అందుకే ఈ కాగితం.

ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టానని పోయినసారి వచ్చినప్పుడు చెప్పాను. మూడడుగుల గాజు తొట్టి, రెండు వందల లీటర్లు పడుతుంది. ఆస్పత్రిలో మా డయాలసిస్ మిషన్లకు నీళ్లు ఎలా శుద్ధి చేస్తామో ఇంట్లోనూ అలాగే చిన్న ఫిల్టరులో శుద్ధి చేసి, సముద్రపు ఉప్పు కొలిచి కలుపుతాను. ఏడాదిగా అందులో రెండు చేపలు, నాలుగు మెత్తటి పగడాలు ఉన్నాయి. మెత్తటివి మొండిఘటాలు, నాలాంటివాడి చేతిలో కూడా బతుకుతాయి.

ఇప్పుడు మొదటిసారి గట్టి పగడం తెచ్చాను. గూడూరులో ప్రేమానందం గారని ఉన్నారు, కట్టుడు పళ్లు తయారుచేసే పని చేసి మానేసిన పెద్దాయన. తొమ్మిదేళ్లుగా ఒక పచ్చటి కొమ్మల పగడాన్ని పెంచుతున్నాడు. దాన్నుంచి చూపుడువేలంత ముక్క కోసి నాకిచ్చాడు. సముద్రంలో నుంచి పీకింది కాదు, తొట్టిలోనే పెరిగింది. కాగితాలు కూడా ఉన్నాయి. "నా తొట్టికి ఏమన్నా అయితే నీకాడ ఒక ముక్క ఉంటాది గదప్పా, అప్పుడు నాకే తిరిగిద్దువు" అన్నాడు.

చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని అది ప్రాణి. లోపల తెల్లటి ఎముక, పైన సన్నటి చర్మం, చర్మం నిండా ఆవగింజంత నోళ్లు, వందల కొద్దీ. నీళ్లలో ఉన్న సున్నాన్ని తీసుకుని తన ఎముకను తనే కట్టుకుంటుంది. సున్నం తగ్గితే పెరగదు, ఒక్కసారిగా ఎక్కువైతే చర్మం కాలిపోతుంది. ప్రేమానందం గారు దానికి సున్నపు తేట పోస్తాడు. శుద్ధి చేసిన నీళ్లలో సున్నం కలిపి, అడుగున తేరుకున్నాక పైనున్న తేట మాత్రం చుక్క చుక్కగా తొట్టిలో పడేలా పెడతాడు. ఎండలకు తొట్టిలో నీళ్లు ఎలాగూ ఆవిరైపోతాయి. ఆ లోటు తేటతో పూడిస్తే రెండు పనులూ అవుతాయి.

ఇక్కడి కిళ్లీ కొట్ల సున్నం నమ్మకం లేదు. ఏం కలుపుతారో ఏమో, గులాబీ రంగుది కూడా చూశాను. నువ్వు కాల్చిన గుల్లలు సంతలో కొని, ఇంట్లోనే నీళ్లు పోసి సున్నం చేసుకుంటావు కదా. ఒక సీసా పంపించు.

నేను మొదలుపెట్టి చెడగొట్టినవన్నీ నీకు వేళ్ల మీద ఉన్నాయి. కోళ్ల ఫారం, ఫోటో స్టూడియో, కుదిరి తప్పిపోయిన పెళ్లి. ఈ ఒక్కదాన్నయినా బతికించి నిలబెట్టాలని ఉంది.

నీ
ముని

పలమనేరు,
16 మార్చి 2025.

నాయనా మునీ,

నీ ఉత్తరం వచ్చిన పూటే ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. కాబట్టి నీ ఉత్తరానిది మంచి కాలే అనుకోవాలి. జున్ను పంపుదామంటే బస్సులో నీ దగ్గరికి చేరేలోపు చెడిపోతుంది. మీ పెదనాన్న నీ పేరు చెప్పి రెండు వాటాలు తిన్నాడు.

పగడమంటే కుజదోషం ఉన్నవాళ్లు ఉంగరంలో పెట్టుకునేది అనుకున్నాను. నీళ్లలో పెట్టి దానికి సేవ చేసేవాణ్ణి నిన్నే చూశాను. అదేదో వేలికి పెట్టుకుని ఉంటే ఈపాటికి పెళ్లయినా అయ్యేది. దానికి నోళ్లున్నాయని చదివి వినిపిస్తే మీ పెదనాన్న, "మీ సెల్లెలి కొడుకింట్లో రాయికి గూడా నోరుండాది సూడు" అన్నాడు.

ఎముక, చర్మం అని రాశావు కాబట్టి సంగతి బోధపడింది. ఎముక గురించి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. పుట్టింట్లో ఉండగా పుత్తూరులో కట్లు కట్టేవాళ్ల ఇంటి పక్కన పెరిగినదాన్ని. ఎవరూ నేర్పకపోయినా చూసి చూసి చేతికి వచ్చింది. దూడలకు, మేకలకు, ఈ వీధి పిల్లలకు ఎందరికి కట్టానో లెక్కలేదు. ఎముకకు కావలసింది ఒక్కటే, కదపకుండా ఉంచడం. కట్టిన తర్వాత విప్పి చూడకూడదు. ఆ మాట నీకు వేరే చెప్పాలా? మీ అమ్మా నాయనా బెంగళూరుకు పనికి పోయి నిన్ను మా ఇంట్లో ఉంచిన రోజుల్లో, పదేళ్లవాడివి, గడ్డివామి మీద నుంచి పడి చేయి విరగ్గొట్టుకున్నావు. నేను కట్టు కడితే, అతుక్కుందో లేదో చూద్దామని ఆరో రోజు విప్పేశావు. ఆ వంకర మోచెయ్యి ఇవాళ్టికీ సాక్షి.

సున్నం బస్సు పార్సిల్లో వేశాను. నేను తాంబూలంలోకి వాడేదే, అదే కుండలోది. మూత గట్టిగా పెట్టుకో. గాలి తగిలితే పెచ్చు కడుతుంది.

వేళకు తిను.

పెద్దమ్మ
జ్ఞానాంబ

తిరుపతి,
2 ఏప్రిల్ 2025.

పెద్దమ్మా,

సున్నం అందింది. నీ చేతి ముద్ర చూసి సీసా తెరవబుద్ధి కాలేదు. నాలుగు లీటర్ల నీళ్లకు రెండు చెంచాలు కలిపి, తేరాక పైతేట సన్న గొట్టంలో నుంచి వదులుతున్నాను. నిమిషానికి ఇరవై చుక్కలు. మా మిషన్ల దగ్గర పదకొండేళ్లుగా చుక్కలు లెక్కపెట్టిన అలవాటు ఇప్పుడు అక్కరకు వచ్చింది.

పగడం నిలదొక్కుకుంది. కొమ్మల కొసలు తెల్లగా మెరుస్తున్నాయి. అలా మెరిస్తే ఎముక పెరుగుతోందని గుర్తు. ఇందులో ఫోటో పెట్టాను, చూడు. ఐదు కొమ్మలు. పక్కన ఉన్నది చేప తోక, దాన్ని కొమ్మ అనుకునేవు.

ఒక చెడ్డ కబురు. పోయిన వారం ప్రేమానందం గారు కూతురింటికి పోయి ఉండగా వాళ్ల వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఒకటిన్నర రోజు కరెంటు లేదు. తొట్టిలో నీళ్లు కదల్లేదు, వేడెక్కిపోయాయి. ఆయన తిరిగొచ్చి తలుపు తీసేసరికి తొమ్మిదేళ్ల పగడం మొత్తం తెల్లబడిపోయింది. నేను గూడూరు పోయి చూసి వచ్చాను. పూర్ణకుంభమంత ఉండేది, సున్నం కొట్టిన రాయిలా ఉంది. ఆయన ఏడవలేదు. "నీకాడుండేదే ఇంక విత్తనం. పదిలంగా సూసుకో అబ్బా" అన్నాడంతే. వినాయక చవితికల్లా తొట్టి మళ్లీ సిద్ధం చేసుకుంటాడట. అప్పటికి నేను ఆయనకొక ముక్క ఇవ్వాలి.

సరదాకి తెచ్చుకున్నది కాస్తా బాధ్యత అయి కూర్చుంది. రోజుకు రెండుసార్లు నీళ్లు పరీక్షిస్తున్నాను. చేతిలో పని లేనప్పుడు కూడా తొట్టి ముందే ఉంటున్నాను.

అన్నట్టు, నువ్వు నోటితో ఒకలాగా, కాగితం మీద రేడియో వార్తల్లాగా ఎలా మాట్లాడతావు?

ముని

పలమనేరు,
10 ఏప్రిల్ 2025.

మునీ,

నేను ఎనిమిదో తరగతి దాకా బెత్తం కింద నేర్చుకున్న రాత ఇది. ఇప్పుడు మార్చుకోమంటే చేయి వినదు. నవ్వుకుంటే నవ్వుకో.

ఫోటో ఇద్దరం చూశాం. నిటారుగా ఉంది, మంచి ఎముక. ఐదు కొమ్మలూ లెక్కపెట్టాను, తోకను కలపలేదు. దాన్ని తీసుకెళ్లి దేవుడి పటాల పక్కన పెట్టాను. మీ పెదనాన్నకు నచ్చలేదు, తన పాలకేంద్రం ఫోటో తీసేసి ఇది పెట్టానని.

ఆ గూడూరు పెద్దాయన గురించి చదివి మనసు ఉండబట్టలేదు. తొమ్మిదేళ్లంటే ఒక ఆవు ఆయుష్షులో సగం. ఆయనకు నువ్వు ముక్క ఇచ్చి తీరాలి. మాట దక్కించుకో.

నాకొకటే దిగులు. సున్నం చురుకు. పెద్దవాళ్ల నోళ్లే పొక్కుతాయి, అన్ని చిన్న నోళ్లున్న ప్రాణి ఎలా ఓర్చుకుంటుందో. అందుకని ఇంకో సీసా దానికోసమే ప్రత్యేకంగా చేశాను. మొదటిది పక్కన పెట్టి ఇది వాడు. రేపటి బస్సుకు వేస్తున్నాను.

పెద్దమ్మ

తిరుపతి,
24 ఏప్రిల్ 2025.

పెద్దమ్మా,

రెండో సీసా వచ్చి పది రోజులైంది. వెంటనే రాయలేకపోయాను. పగడం బాగాలేదు.

ముందు నీళ్లు మసకబారాయి, బియ్యం కడిగిన నీళ్లలా. మురికిని నురగగా పట్టి తీసే మిషన్ ఒకటుంది, అది పొంగి హాలంతా పారింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పగడం మాత్రం నోళ్లు మూసుకుంది. మొదట్లో అడుగున చర్మం ఊడి ఎముక బయటపడింది, ఇప్పుడు ఆ తెలుపు రోజుకు కొంచెం పైకి పాకుతోంది.

నేను ఊరికే లేను. ఊరికే ఉన్నా బాగుండేదేమో. వెలుతురు ఎక్కువైందేమోనని కిందికి దించాను. చాల్లేదేమోనని పైకి పెట్టాను. ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, పక్కకు ఒకసారి జరిపాను. లైట్లు రెండుసార్లు మార్చాను. లెక్కల్లో సున్నం పడిపోతోందని చుక్కలు ఇరవై నుంచి నలభైకి పెంచాను. ప్రేమానందం గారికి ఫోన్ చేస్తే ఆయన అంతా విని, "ముందు నీళ్లల్లోనించి సెయ్యి తియ్యప్పా" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

నా చేతి గుణమే ఇంత పెద్దమ్మా. దేన్నీ దాని మానాన ఉండనివ్వను. కట్టు విప్పినవాడు కట్టు విప్పినవాడే.

ముని

పలమనేరు,
30 ఏప్రిల్ 2025.

నాయనా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు.

ఆ పెద్దాయన చెప్పిందే నేనూ చెబుతాను. చేయి తీసెయ్. గాయమైన ఎముకను రోజుకొక చోటికి జరిపితే అది ఎప్పుడు అతుక్కుంటుంది? ఒక చోట పెట్టి, నువ్వు ఇంకో గదిలో కూర్చో. తొట్టి మీద దుప్పటి కప్పినా సరే. కట్టు విప్పిన బుద్ధి ఇప్పుడైనా మానుకో.

సున్నం వల్ల అయ్యుంటుందని మాత్రం అనుమానం పెట్టుకోకు. అది నా పూచీ. మా ఇంటి సున్నం ఇన్నేళ్లలో ఎవరి నోరూ పొక్కించలేదు, పెళ్లిళ్లకు కూడా నా దగ్గరే అడిగి తీసుకుపోతారు. ఊరికే వస్తుందా ఆ పేరు? నాలుక కాలకుండా మీగడ వేసి మెదుపుతాను. నీకు పంపిన రెండో సీసాలో ఆ మీగడ కూడా రెట్టింపు వేశాను, చిన్న నోళ్లు కదా అని. ఎర్రావు పాలు ఇప్పుడు చిక్కగా ఉన్నాయి. అంత మెత్తటి సున్నం నేను ఎప్పుడూ చేయలేదు.

అయిపోతే రాయి. మూడోది కలిపి ఉంచుతాను.

పెద్దమ్మ

తిరుపతి,
8 మే 2025.

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే చేయి పెట్టకుండా వదిలేశాను. కోలుకుంది. నీళ్లు తేటబడ్డాయి. పగడం మళ్లీ నోళ్లు తెరిచింది. ఫోటో పెడుతున్నాను.

సున్నం చాలినంత ఉంది. ఇంకో సీసా పంపవద్దు. ఆస్పత్రిలో ఒకతను సెలవు మీద పోయాడు, రెండు షిఫ్టులూ నావే. పైగా గంగమ్మ జాతర, రోడ్లన్నీ జనం. అందుకే ఇంతే రాస్తున్నాను.

అన్నం తిను. నా పగడం కోసం పస్తులుండకు.

ముని

పలమనేరు,
18 మే 2025.

మునికుమార్‌కు,

పేరు మొత్తం రాశానంటే నీకే తెలియాలి.

ఫోటో చూసి సంతోషపడ్డాను. మీ పెదనాన్న కూడా తృప్తిగా తల ఊపాడు. దాన్ని పాత ఫోటో పక్కన పెడదామని తీసుకెళ్లాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెంటిలోనూ ఐదు కొమ్మలే, అదే పొడవు. ఎముక పెరుగుతోందని రాశావు, నెల దాటినా గోరంత కూడా పెరగలేదేం? తర్వాత తొట్టి గాజులో ఎదురుగోడ క్యాలెండరు నీడ కనిపించింది. భూతద్దం తెప్పించాను. అక్షరాలు తిరగబడి ఉన్నా పేజీలో పెద్ద బొమ్మ ఉంటుంది కదా. అదే కొట్టువాడి క్యాలెండరు మా ఇంట్లోనూ ఉంది, నువ్వే తెచ్చిచ్చావు. ఆ బొమ్మ ఏప్రిల్ నెలది. నువ్వు పేజీ తిప్పడం మరిచిపోయేవాడివి కాదు.

చెవులు పోయాయి గాని కళ్లు ఉన్నాయి నాయనా. మేకల కాళ్లు చూసి ఎక్కడ విరిగిందో చెప్పే కళ్లు.

చనిపోయిందా? చనిపోతే చనిపోయిందని రాయాలి. నాకు అబద్ధం రాయాల్సిన అవసరం నీకేం వచ్చింది? మీ పెదనాన్న అయితే, "వానికేదో సిగ్గు పడే పని జరిగుండాది, వదిలెయ్ మే" అంటున్నాడు. నేను వదలను. మళ్లీ ఏం విప్పావు?

జ్ఞానాంబ

తిరుపతి,
25 మే 2025.

పెద్దమ్మా,

రాయకూడదనే అనుకున్నాను. నువ్వు రాయించుకుంటున్నావు.

మీగడ పెద్దమ్మా. పగడాన్ని చెడగొట్టింది అదే. అది తొట్టిలో పడితే కంటికి కనిపించని పురుగు పెరిగిపోతుంది, నీళ్లలో గాలిని అదే తాగేస్తుంది. మొదటి సీసాలో కొంచెమే ఉంది కాబట్టి తొట్టి తట్టుకుంది. రెండోది తట్టుకోలేదు. నేను చుక్కలు పెంచినకొద్దీ విషం పెంచినట్టయింది. నీ ఏప్రిల్ ముప్పయ్యో తేదీ ఉత్తరం మూడో తారీకున ఆస్పత్రిలో చదివాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ మిషన్ దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఇంటికొచ్చి సున్నం ఆపేశాను. మూడు విడతలుగా సగం సగం నీళ్లు మార్చాను. చేపలు రెండూ బతికాయి. పగడంలో నాలుగు కొమ్మలు పోయాయి. ఐదో కొమ్మ చివర చిటికెనవేలి గోరంత పచ్చదనం మిగిలింది. మొన్న ఇరవయ్యో తేదీన దాన్ని కత్తిరించి, జిగురుతో కొత్త రాతికి అంటించాను. ప్రేమానందం గారు ఫోన్లో ఒక్కొక్క మెట్టూ చెప్పాడు. ఆయనకు నిజం చెప్పాను. బతికితే బతకొచ్చు. ఆ తొమ్మిదేళ్లదానికి ఇప్పుడు మిగిలింది అంతే.

తప్పు నీది కాదు. మూత తీయగానే వెన్న వాసన వచ్చింది. గుల్ల సున్నం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నానే గాని ఒక్క మాట అడగలేదు. కిళ్లీ కొట్టువాణ్ణి అనుమానించినవాడికి నిన్ను అడగాలని తోచలేదు.

నీకు తెలిస్తే తాంబూలం వేసుకున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. అందుకే దాచాను. తప్పు నా చేతి మీద వేసుకోవడం నాకు తేలిక. చిన్నప్పటి నుంచి అలవాటే కదా. ఇంకొకటి కలిస్తే బరువేం పెరగదు.

కోప్పడకు.

ముని

పలమనేరు,
1 జూన్ 2025.

నాయనా మునీ,

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను. తాంబూలం మానలేదు, మానినా నీ పగడం తిరిగి రాదు. నీ ఉత్తరంలో నన్ను పడగొట్టింది మీగడ కాదు. చివరి రెండు మాటలు. ఇంకొకటి కలిస్తే బరువు పెరగదని రాశావు చూడు, అది.

కాబట్టి ఇది చదువు. నిలబడి ఉంటే కూర్చుని చదువు.

నీ చేయి వంకర పోయింది నువ్వు కట్టు విప్పినందుకు కాదు. నేను కట్టిందే వంకరగా కట్టాను.

ఆ రోజు నీ మోచేతి దగ్గర ఎముక రెండు చోట్ల విరిగింది. వేళ్లతో తడిమితే నాకు తెలిసింది. అది నా చేతికి లొంగేది కాదు. మీ పెదనాన్న, "పుత్తూరుకు తీసకపోదాం పా, మన వల్ల కాదు" అన్నాడు. బండి కూడా మాట్లాడాడు. నేనే వద్దన్నాను. ఊరంతా నా దగ్గరికి వస్తుంటే, నా ఇంటి పిల్లవాణ్ణి ఇంకొకరి దగ్గరికి తీసుకుపోతే నా పేరేం కావాలని. వెదురు బద్దలు పెట్టి కట్టాను. మూడో రోజుకే నీ బొటనవేలు తిరగాల్సిన వైపు తిరగలేదు. చూశాను. సర్దుకుంటుందిలే అనుకున్నాను. అప్పటికప్పుడు విప్పి పుత్తూరుకు పరిగెత్తి ఉంటే సరిపోయేది.

ఆరో రోజు నువ్వు విప్పావు. అది నాకు దొరికిన సాకు. నీ వీపు మీద ఒకటి వేసి, వీధిలో అందరికీ వినపడేలా తిట్టి, మళ్లీ అదే వంకర మీద కట్టాను. ఆ తర్వాత ఎవరు అడిగినా "వాడే విప్పేసినాడు" అన్నాను. అనగా అనగా నాకే నిజమనిపించింది. పోలీసు ఎంపికల్లో నీ చేయి చూసి వెనక్కి పంపినప్పుడు నువ్వు వచ్చి నా వంటింట్లో కూర్చుని, "నేనే సెడగొట్టుకున్న్యాను పెద్దమ్మా" అన్నావు. నీకు పెరుగన్నం కలిపి పెట్టాను గాని నోరు తెరవలేదు.

మొన్న మార్చిలో కూడా ఉత్తరంలో దెప్పాను. ఏప్రిల్లో మళ్లీ దెప్పాను. నువ్వు మాత్రం నా తప్పు తెలిసి కూడా నన్ను అనలేక పాత ఫోటో పంపావు.

ఇది రాసి మీ పెదనాన్నకు చదివి వినిపించాను. ఆయన చెంబు తీసుకుని పాలు పితకడానికి పోయాడు. ఇంకా వేళ కాలేదు.

నువ్వు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

జ్ఞానాంబ

తిరుపతి,
20 జూలై 2025.

పెద్దమ్మా,

ఏడు వారాలు రాయలేదు. పని ఒత్తిడి అని రాయొచ్చు. మనిద్దరి మధ్య అబద్ధాలు ఈ ఏడాదికి చాలు. కోపం వచ్చింది, అందుకే రాయలేదు.

నీ ఉత్తరం చదివిన రోజు అద్దం ముందు నిలబడి రెండు చేతులూ చాపి చూసుకున్నాను. ఆ పదేళ్లవాడు గుర్తొచ్చాడు. వాడు ఏమీ చెడగొట్టలేదు. నొప్పిగా ఉంది, విప్పి చూసుకున్నాడు, అంతే. ఇరవై అయిదేళ్లు వాడితో నేను సరిగ్గా మాట్లాడలేదు. కోళ్లు తెగులొచ్చి పోతే నా చేతి వల్లే అనుకున్నాను. పెళ్లి తప్పితే దానికీ అదే కారణం అనుకున్నాను. పోలీసు ఉద్యోగం పోయినందుకు ఇప్పుడు బాధ లేదు, నన్ను ఆ టోపీలో ఊహించుకోలేను. మిగతాదానికి ఉంది. కోపం పూర్తిగా పోయిందని రాయలేను. కొంత ఉంది, ఉండనీ. నువ్వు చెప్పకుండా పోయి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది కూడా ఆలోచించాను.

ఇక పగడం. అంటించి అరవై ఒక్క రోజులైంది. ఇన్ని రోజుల్లో దాన్ని ఒక్కసారి కూడా తాకలేదు, జరపలేదు. తొట్టి గాజు తుడవాల్సి వస్తే ఆ వైపు వదిలి తుడిచాను. నీళ్ల పరీక్ష ఆదివారం మాత్రమే. మొదటి నెల పచ్చగా ఉందే గాని పెరగలేదు, తరగలేదు. వేలు పెట్టి చూడాలని రోజూ అనిపించేది. కానీ అనిపించినంత మాత్రాన చేసేవాణ్ణి కాదని ఈమధ్యే తెలిసింది కదా.

పోయిన గురువారం చూస్తే చర్మం జిగురు అంచు దాటి కొత్త రాతి మీదికి పాకింది. మూడు చోట్ల మొటిమల్లాగా లేచింది, కొసలు తెల్లగా ఉన్నాయి. ప్రేమానందం గారు రైలెక్కి వచ్చి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. "ఈ చవితికి వద్దులేప్పా, వచ్చే చవితికి ఇద్దువు. తొందరేముండాది" అన్నాడు. భోజనం చేసి సాయంత్రం బండికి పోయాడు.

మూడు కొసలు ఒకేసారి పెరుగుతుంటే నీళ్లలో సున్నం తగ్గుతోంది. మళ్లీ తేట మొదలుపెట్టాలి. మందుల కొట్లో దొరికే పొడి వాడమని ప్రేమానందం గారన్నాడు. సున్నానికి నాకు మనిషి ఉందని చెప్పాను.

ఒక సీసా పంపించు. గుల్లలు, నీళ్లు. అంతే. ఇంకేమీ కలపకు.

నీ
ముని

పలమనేరు,
26 జూలై 2025.

నాయనా మునీ,

రెండు సీసాలు పంపుతున్నాను. పెద్దదాంట్లో సున్నం. కొత్త కుండ కొని, కొత్త గరిటెతో చేశాను. గుల్లలు, నీళ్లు తప్ప ఏమీ లేవు. మీ పెదనాన్నను పక్కన కూర్చోబెట్టుకుని కలిపాను, అడిగితే చెబుతాడు. చిన్నదాంట్లో ఎర్రావు నెయ్యి, అది నీకు.

ఏది ఎవరిదో మూతల మీద రాశాను. చూసి వాడు.

పెద్దమ్మ